బొమ్మ రష్యాది, లెక్క కాసినోది: జానపద స్లాట్ ఆటల లోపల ఏముంది?

రష్యాలో పాలు తాగే పిల్లలకు కూడా చెప్పే కథ ఒకటుంది. ముసలాయన రొట్టె కావాలంటాడు, ఇంట్లో పిండి ఉండదు, ముసలమ్మ గాదె అడుగు గీకి, పిండి డబ్బా ఊడ్చి, దొరికినదాంతో గుండ్రటి రొట్టె కాల్చి కిటికీలో చల్లారబెడుతుంది. ఆ రొట్టె పేరు కొలొబోక్. అది కిటికీలోంచి దొర్లుకుంటూ పారిపోతుంది, దారిలో కుందేలుకి, తోడేలుకి, ఎలుగుబంటికి పాట పాడి తప్పించుకుంటుంది, చివరికి నక్క పొగిడితే ఉబ్బిపోయి దాని ముక్కు మీదెక్కి పాడబోయి నోట్లోకి పోతుంది. ఈ రొట్టెని, దాన్ని కాల్చిన పొయ్యిని, పక్క కథల్లోని బాబా యగా మంత్రగత్తెని కలిపి మాస్కో కంపెనీ ఇగ్రోసాఫ్ట్ ఒక జూదం మెషీన్ చేసింది. పేరు ‘కెక్స్’. ఆడేవాళ్లు మాత్రం దాన్ని ‘పేచ్కీ’ అని పిలుచుకునేవాళ్లు, పొయ్యిలు అని. మెషీన్లు పోయి ఏళ్లు గడిచాయి, ఆ ఆట మాత్రం ఇప్పటికీ వందల వెబ్‌సైట్లలో దొరుకుతుంది.

ఇలాంటివి చాలానే ఉన్నాయి. ఒకదాంట్లో ఒకటి ఇమిడే మాత్ర్యోష్కా బొమ్మలు, కథల్లోని నిప్పుపక్షి, జార్ కుటుంబాన్ని వశం చేసుకున్న సాధువు రాస్‌పుతిన్, జార్ చక్రవర్తుల రత్నాల గుడ్లు, ఉల్లిపాయ ఆకారపు చర్చి గోపురాలు, ఏదో ఒకటి పెట్టి స్లాట్ ఆట, అంటే బటన్ నొక్కితే బొమ్మల వరసలు తిరిగి ఆగే జూదం, వస్తూనే ఉంటుంది. వీటి మీద ఇంటర్నెట్లో దొరికేదంతా దాదాపు అమ్మకానికి రాసిందే: గ్రాఫిక్స్ అదుర్స్, బోనస్ అదుర్స్, ఇక్కడ క్లిక్ చేయండి. ఆ ఆట ఎక్కణ్ణించి వచ్చింది, లోపల ఏం జరుగుతుంది అనేది చెప్పేవాళ్లు తక్కువ. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఆ బొమ్మలకీ, మీ డబ్బు ఎటు పోతుందో నిర్ణయించే లెక్కకీ ఏ సంబంధమూ లేదు. అదే లెక్క మీద ఫారో బొమ్మ వేస్తే ఈజిప్టు ఆట, కొలొబోక్ బొమ్మ వేస్తే రష్యా ఆట. అయినా బొమ్మని తేలిగ్గా తీసుకోవద్దు, మనం లెక్క వైపు చూడకుండా చేసేది అదే కాబట్టి.

స్లాట్‌లలో కనిపించే రష్యాలు రెండు రకాలు. మొదటిది బయటివాళ్లు బయటివాళ్ల కోసం గీసింది. స్వీడన్‌కి చెందిన థండర్‌కిక్ చేసిన ‘బాబుష్కాస్’లో మాత్ర్యోష్కా బొమ్మలు తిరుగుతుంటాయి, ఆస్ట్రేలియాకి చెందిన బిగ్ టైమ్ గేమింగ్ రాస్‌పుతిన్ పేరుతో ఒక ఆట చేసింది. ఇంకా చూస్తే వోడ్కా, ఎలుగుబంటి, బొచ్చు టోపీ, బాలలైకా వాద్యం, మంచు. విమానం దిగిన టూరిస్టు మొదటి గంటలో కొనుక్కునే సామానంతా ఉంటుంది. రెండోది రష్యన్లు రష్యన్ల కోసం చేసింది. అందులో గోపురాలూ బొచ్చు టోపీలూ పెద్దగా ఉండవు, వాళ్లకవి కొత్త కాదు కదా. అక్కడ పల్లెటూరి పొయ్యి, గ్యారేజీ, పళ్లు, సీసా బిరడాలు, తేనె కోసం తిరిగే ఎలుగు, యుద్ధకాలపు గూఢచారి తెరిచే ఇనప్పెట్టెలు కనిపిస్తాయి. ఇగ్రోసాఫ్ట్ ఆటలన్నీ ఈ రెండో రకం. 1999లో మొదలైన ఈ కంపెనీ చేసిన క్రేజీ మంకీ, ఫ్రూట్ కాక్‌టెయిల్, లక్కీ హాంటర్, రెసిడెంట్ మెషీన్లను రష్యన్లు పెట్టెల మీదున్న ఇంగ్లిష్ పేర్లతో పిలవలేదు. కోతులు, స్ట్రాబెర్రీలు, బిరడాలు, ఇనప్పెట్టెలు అనుకున్నారు. ఇంట్లో మనిషికి ముద్దుపేరు పెట్టుకున్నంత చనువుగా పెట్టుకున్న పేర్లవి. ఈ రెండో రకమే ఎక్కువ ప్రమాదమని నా ఉద్దేశం, పరాయి వస్తువు ముందు మనిషికి కాస్తయినా అనుమానం ఉంటుంది, చిన్నప్పటి పొయ్యి ముందు అది కూడా ఉండదు.

ఈ బొమ్మల అసలు చరిత్ర ఆటల్లో కనిపించదు, కనిపిస్తే అదే ఎక్కువ ఆసక్తిగా ఉండేది. మాత్ర్యోష్కాని అనాది రష్యన్ సంప్రదాయం అనుకుంటాం. నిజానికి అది 1890లలో పుట్టింది. మాస్కోలో మామొంతోవ్ కుటుంబం నడిపిన ఒక బొమ్మల కార్ఖానాలో వసీలీ జ్వ్యోజ్‌దొచ్కిన్ అనే వడ్రంగి చెక్కాడు, చిత్రకారుడు సెర్గేయ్ మాల్యూతిన్ రంగులు వేశాడు, ఒకదాంట్లో ఒకటి ఇమిడే ఆలోచన జపాన్ బొమ్మ చూసి వచ్చిందని చెబుతారు. 1900 పారిస్ ప్రదర్శనలో పతకం వచ్చాక లోకమంతా పాకింది. మంత్రగత్తె గుడిసె, నిప్పుపక్షి ఈకలు, ముదురు గీతల అంచులతో పేజీ చుట్టూ అల్లిక, ఇవన్నీ మన కళ్లకు ‘రష్యన్ జానపదం’గా తోచడానికి ముఖ్యకారణం ఇవాన్ బిలీబిన్ అనే చిత్రకారుడు. 1900కి అటూ ఇటూ ఆయన వేసిన కథల పుస్తకాలను అచ్చువేసింది ప్రభుత్వ ముద్రణాలయం, అంటే కరెన్సీ నోట్లు ముద్రించే చోటు, అందుకే ఆ రంగులంత నాణ్యంగా వచ్చాయి.

ఇక స్లాట్ తెర అంచుల్లో ఎరుపు, నలుపు, బంగారు రంగుల్లో తీగలూ పళ్లూ కనిపిస్తే అది ఖొఖ్లొమా. వోల్గా ప్రాంతంలోని నీజ్నీ నొవ్‌గొరోద్ దగ్గర ఊళ్లలో చెక్క గిన్నెల మీద, గరిటెల మీద వేసే పని. అందులో బంగారం చుక్క కూడా ఉండదు. చెక్కకి మట్టిపూత, నూనెపూత పెట్టి, దాని మీద తగరం పొడి రుద్దుతారు, ఇప్పుడైతే అల్యూమినియం పొడి. వెండిలా మెరుస్తున్న ఆ గిన్నె మీద రంగులు వేసి, వార్నిష్ పూసి కొలిమిలో పెడితే వేడికి వార్నిష్ పసుపెక్కుతుంది, కింద తెలుపు మెరుపు దాంట్లోంచి బంగారంలా కనిపిస్తుంది. పేదవాళ్ల ఇళ్లకు బంగారు కళ తేవడానికి పల్లె పనివాళ్లు కనిపెట్టిన ఉపాయం. తరాల తరబడి చేతులు కాల్చుకుని నేర్చుకున్న ఆ పనితనం ఇవాళ కంప్యూటర్లో ఒక బొమ్మ ఫైల్‌గా మారి, ‘పెద్ద గెలుపు’ అని రాసిన అక్షరాల చుట్టూ ఫ్రేమ్ అయింది. నాకు ఇది బాధగానే ఉంది, ఆ ఊళ్లకి ఇందులో పైసా రాదు.

అసలు ఈ ఆటలు ఇంటర్నెట్లోకి ఎలా వచ్చాయో అర్థం కావాలంటే 2000ల రష్యా గుర్తు చేసుకోవాలి. సోవియట్ యూనియన్ పడిపోయాక మాస్కోలో మెరిసే కాసినోలు వచ్చాయి. వాటి సంగతి అలా ఉంచండి, అవి డబ్బున్నవాళ్లవి. సామాన్యుణ్ణి తిన్నది చిన్న మెషీన్లు. మెట్రో మెట్ల దగ్గర, కిరాణా కొట్టు మూలన, బస్టాపు పక్కన నిలబెట్టి ఉండేవి. ఐదు రూబుళ్ల నాణెం మింగే చవక పెట్టెలను జనం ‘స్తోల్బిక్’ అనేవాళ్లు. రొట్టె కొనడానికి వెళ్లిన పింఛనుదారు, బడి నుంచి వస్తున్న పిల్లాడు చిల్లర అందులో వేసి వచ్చేవాళ్లు. జనం ఏవగించుకునేదాకా వచ్చింది వ్యవహారం. 2006 అక్టోబరులో పుతిన్ బిల్లు పంపాడు, డిసెంబరు 29న 244వ నంబరు ఫెడరల్ చట్టం అయింది. దాని ప్రకారం 2009 జులై 1 నుంచి దేశమంతా కాసినోలూ స్లాట్ హాళ్లూ మూత. ఆడాలంటే ప్రత్యేక జోన్లకే వెళ్లాలి. మొదట పెట్టిన నాలుగూ ఎక్కడో చూడండి: అల్తాయ్, కలీనిన్‌గ్రాద్, దక్షిణాన అజోవ్ సముద్ర తీరం, ఇక పసిఫిక్ ఒడ్డున వ్లాదివొస్తోక్ ప్రాంతం. మాస్కో నుంచి వ్లాదివొస్తోక్‌కి విమానంలోనే ఎనిమిది గంటలు దాటుతుంది. కావాలనే అంత దూరం పెట్టారు. ఇంటర్నెట్లో జూదం నడపడాన్ని కూడా ఇదే చట్టం నిషేధించింది.

చట్టం మంచిదే, ఆ నాణేల పెట్టెలు వీధుల్లోంచి పోవడం లక్షల కుటుంబాలకు మేలే. కానీ ఆడాలనే యావ చట్టంతో పోలేదు. హాళ్లు ఒక రాత్రిలో మూతపడ్డాయి, కొన్నాళ్లకే ‘లాటరీ క్లబ్’ అనీ ‘ఇంటర్నెట్ క్లబ్’ అనీ బోర్డులు మార్చుకుని తెరుచుకున్నాయి. 2011లో మాస్కో శివారు జిల్లాల్లో దొంగ కాసినోలకు ప్రాసిక్యూటర్లే అండగా ఉన్నారన్న కేసు పెద్ద దుమారం లేపింది. మెషీన్లు తయారు చేసిన ఇంజినీర్లు, బొమ్మలు గీసినవాళ్లు, లెక్కలు వేసినవాళ్లు బయటి దేశాల రిజిస్ట్రేషన్లతో ఆన్‌లైన్‌కి మళ్లారు. అప్పట్లో కరీబియన్ దీవి కురసావో ఇచ్చే జూదం లైసెన్సు తెచ్చుకోవడం చౌక, సర్వర్ ఎక్కడైనా పెట్టుకోవచ్చు. రష్యా ప్రభుత్వ సంస్థ రోస్కొమ్‌నద్జోర్ సైట్‌ని బ్లాక్ చేస్తే పేరులో ఒక అంకె మార్చి అదే సైట్ మళ్లీ తెరుస్తారు, దాన్ని ‘అద్దం’ అంటారు. ఆ అద్దాల్లో మొదట కనిపించినవి వీధి మూల పెట్టెల్లో అలవాటైన ఆటలే: కోతులు, స్ట్రాబెర్రీలు, పొయ్యిలు. ముప్పై ఏళ్ల మనిషికి అవి జ్ఞాపకాలు. ఆ జ్ఞాపకానికి వెల కట్టి అమ్మారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. కాస్త ఓపిగ్గా చదవండి, అంత కష్టం కాదు.

ఇలాంటి ఆటలో మామూలుగా ఐదు రీళ్లు, అంటే బొమ్మలతో తిరిగే చక్రాలు, తొమ్మిది లైన్లు, అంటే ఒకే బొమ్మలు వరసగా పడితే డబ్బొచ్చే గీతలు, ఉంటాయి. లైనుకి ఒక రూబుల్ పెడితే ఒక స్పిన్‌కి, అంటే ఒకసారి తిప్పడానికి, తొమ్మిది. మీరు బటన్ నొక్కగానే ప్రోగ్రామ్ ఒక సంఖ్యను తీస్తుంది, ఏ రీలు ఎక్కడ ఆగాలో ఆ సంఖ్యే చెబుతుంది. అంటే రీళ్లు ఇంకా తిరుగుతూ ఉండగానే మీ ఫలితం తేలిపోయి ఉంటుంది. ఆ తర్వాత కనిపించే తిరగడం, నెమ్మదించడం, చివరి రీలు ఊగిసలాడటం, అదంతా సినిమా. 1984లో ఇంగె టెల్నాస్ అనే ఆయన అమెరికాలో తీసుకున్న పేటెంటుతో ఇది మొదలైంది. అంతకు ముందు ఇనప రీలు మీద 22 బొమ్మలుంటే మూడు రీళ్లకి కలిపి 10,648 అవకాశాలే, పెద్ద జాక్‌పాట్ పెట్టడానికి అది చాలదు. రీలు బయటికి 22 బొమ్మలతోనే కనిపిస్తుంది, లోపల కంప్యూటర్లో మాత్రం 64 గళ్లో 256 గళ్లో ఉన్నట్టు లెక్క వేద్దాం అన్నాడు టెల్నాస్. 64 గళ్లయితే 2,62,144 అవకాశాలు. జాక్‌పాట్ బొమ్మకి అందులో ఒకే గడి ఇచ్చి, దాని పైనా కిందా ఉన్న ఖాళీలకు బోలెడు గళ్లు ఇవ్వొచ్చు. అప్పుడు జాక్‌పాట్ బొమ్మ గీతకి వెంట్రుకవాసి పైన ఆగడం మాటిమాటికీ జరుగుతుంది. ‘అయ్యో, కొంచెంలో పోయింది’ అనిపిస్తుంది. కొంచెంలో పోవడం అనేది అక్కడ లేదు. సంక్రాంతి బరుల పక్కన గుండాటలో కూడా నడిపేవాడిదే పైచేయి, అయినా పాచికలకి ఎన్ని ముఖాలున్నాయో కళ్లతో లెక్కపెట్టుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు కూడా లేదు.

ఆట వివరాల్లో ఆర్‌టీపీ, అంటే పందేల్లోంచి ఆటగాళ్లకి తిరిగొచ్చే వాటా, 96 శాతం అని రాసి ఉంటుంది. వంద పెడితే తొంభై ఆరు వస్తాయి, నాలుగు పోతే పోయాయిలే అనుకుంటారు చాలామంది. ఆ 96 శాతం మీరు జేబులోంచి తీసిన డబ్బు మీద లెక్కించేది కాదు, తిప్పిన ప్రతి పందెం మీదా లెక్కించేది. గెలిచిన డబ్బుని మళ్లీ తిప్పుతారు కదా, మళ్లీ దాంట్లో నాలుగు శాతం. 500 వేసి, చేతిలో ఉన్న మొత్తం పదిసార్లు తిరిగేదాకా ఆడితే సగటున మిగిలేది 332. గంట లెక్కన చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. ఆరు సెకన్లకో స్పిన్ అనుకోండి, గంటకి 600 స్పిన్లు, స్పిన్‌కి 9 రూబుళ్లు, అంటే గంటలో 5,400 రూబుళ్ల పందేలు. 96 శాతం ఆట అయితే సగటున గంటకి 216 పోతాయి. అదే ఆటని 90 శాతానికి దించితే 540. అవును, దించొచ్చు. చాలా కంపెనీలు ఒకే ఆటని రెండు మూడు రకాల ఆర్‌టీపీలతో కాసినోలకు ఇస్తాయి, ఏది పెట్టుకోవాలో కాసినో ఇష్టం. బొమ్మలు అవే, పాట అదే, మీకు తేడా కనిపించదు. ఇక సగటు అన్నది లక్షల స్పిన్ల మీద తేలేది, ఒక్క సాయంత్రం మీ అనుభవం దానికి చాలా పైనా ఉండొచ్చు, బాగా కిందా ఉండొచ్చు. మొదటి సాయంత్రం పైన ఉన్నవాళ్లే ఎక్కువ చిక్కుకుంటారు.

లైన్లు తొమ్మిది పెట్టడం వెనక ఇంకో సంగతి ఉంది. తొమ్మిది రూబుళ్లు పెట్టి తిప్పారు, ఒక లైన్లో మూడు పళ్లు పడి నాలుగు రూబుళ్లు వచ్చాయి. మీకు ఐదు పోయాయి. తెర మీద మాత్రం లైటు వెలుగుతుంది, గంట మోగుతుంది, కొలొబోక్ గంతులేస్తుంది. ఓటమికి గెలుపు ముసుగు వేయడం ఇది. చెవికి గెలిచినట్టే ఉంటుంది, ఖాతా తగ్గుతూ ఉంటుంది. బ్రిటన్ దీన్ని అర్థం చేసుకుని 2021 అక్టోబరు 31 నుంచి ఆపేసింది: పెట్టినదానికంటే ఎక్కువ రాకపోతే సంబరం శబ్దాలు చేయకూడదు, స్పిన్‌కి స్పిన్‌కి మధ్య కనీసం రెండున్నర సెకన్లు ఉండాలి, నొక్కకుండానే దానంతటదే తిరిగే ఆటోప్లే ఉండకూడదు. 2025 నుంచి స్పిన్‌కి గరిష్ఠ పందెం ఐదు పౌండ్లు, పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్లవాళ్లకి రెండు పౌండ్లే. ఈ నియమాలు ఏవీ కురసావో కాగితం పెట్టుకుని తెలుగులో మెసేజీలు పంపే సైట్‌కి పట్టవు.

పొయ్యి తెరిచే బోనస్ సంగతి కూడా చెప్పాలి, జానపదం ఎక్కువ పనిచేసేది అక్కడే. వరసగా పొయ్యిలు కనిపిస్తాయి, ఒకటి ఎంచుకోమంటుంది. కథలోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది, చెయ్యి మనదే, నిర్ణయం మనదే అనిపిస్తుంది. కొన్ని ఆటల్లో నిజంగానే ఎంచుకున్నదాని వెనక ఉన్నదే వస్తుంది, ఇంకొన్నిట్లో ఎంత ఇవ్వాలో ముందే ఖరారై, మీరు ఏది తెరిచినా అదే చూపిస్తుంది. రెండింట్లోనూ ఆటగాడి తెలివికి చోటు లేదు. గెలిచాక ‘రిస్క్ గేమ్’ అని ఇంకోటి వస్తుంది: ఒక పేక ముక్క తెరిచి, నాలుగు మూసి ఉంటాయి, తెరిచినదాని కంటే పెద్దది తీస్తే రెట్టింపు, చిన్నదైతే వచ్చినదంతా పోతుంది. జేబులోకి వెళ్లబోతున్న డబ్బుని గుమ్మం దగ్గరే ఆపి మళ్లీ బల్ల మీద పెట్టించడం దాని పని.

మరి ఈ మెషీన్లను ఎవరూ ఓడించలేదా అంటే, ఓడించారు, అదీ రష్యన్లే. 2009 నిషేధంతో రష్యా కాసినోలు తమ దగ్గరున్న విదేశీ మెషీన్లను అయినకాడికి అమ్మేసుకున్నాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక ముఠా వాటిని కొని విప్పి, లోపల సంఖ్యలు తీసే ప్రోగ్రామ్‌ని చదివేసింది. కంప్యూటర్ తనంతట తాను నిజమైన యాదృచ్ఛిక సంఖ్యని పుట్టించలేదు, ఒక సూత్రం ప్రకారం ఒకదాని తర్వాత ఒకటి తీస్తుంది. సూత్రం తెలిసి, ఇప్పుడు వరసలో ఎక్కడ ఉందో తెలిస్తే తర్వాతది చెప్పేయొచ్చు. ఆస్ట్రియాకి చెందిన మెషీన్ల కంపెనీ నొవోమాటిక్ ఈ ప్రమాదం గురించి 2011లోనే తన కస్టమర్లను హెచ్చరించింది. 2014 జూన్‌లో అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని లూమియెర్ ప్లేస్ కాసినోలో అరిస్టోక్రాట్ అనే కంపెనీవి కొన్ని పాత మెషీన్లు రెండు రోజులు లెక్కకు మించి డబ్బు కక్కాయి. కెమెరా రికార్డులు చూస్తే ఒక మనిషి ఐఫోన్‌ని తెరకి దగ్గరగా పట్టుకుని ఆడుతున్నాడు, బటన్ మీద వేలు ఆనించి కాసేపు ఆగి, ఉన్నట్టుండి చటుక్కున నొక్కుతున్నాడు. జరిగింది ఏమిటంటే, పాతికకి దగ్గరగా స్పిన్లు వీడియో తీసి పీటర్స్‌బర్గ్‌కి పంపేవాడు, అక్కడ లెక్క కట్టి సమయాల జాబితా తిరిగి పంపేవాళ్లు, నొక్కాల్సిన క్షణానికి పావు సెకను ముందు ఫోను వణికేది, మనిషి స్పందించడానికి పట్టేది సుమారు ఆ పావు సెకనే కాబట్టి. ప్రతిసారీ సరిగ్గా కుదరదు, కానీ కుదిరినన్నిసార్లు చాలు. నలుగురు కలిసి ఒక వారంలో రెండున్నర లక్షల డాలర్లకు పైగా తీసుకెళ్లగలిగేవాళ్లు. చివరికి దొరికి, ముగ్గురు రష్యన్లకు రెండేళ్ల జైలు పడింది.

ఈ కథ విని ‘అయితే ట్రిక్ ఉందన్నమాట’ అనుకుంటే చాలా ప్రమాదం. వాళ్లు కొట్టింది పాత మెషీన్లని, వాటిలో సంఖ్యలు తీసే ప్రోగ్రామ్ పెట్టెలోనే ఉండేది, విప్పి చూడటానికి పెట్టె వాళ్ల చేతిలో ఉండేది. ఆన్‌లైన్ స్లాట్‌లో మీ ఫోన్లో ఉన్నది బొమ్మలు మాత్రమే, ఫలితం ఎక్కడో సర్వర్లో పుడుతుంది, దాన్ని ఊహించే దారి మీ ఫోన్లో లేదు. టెలిగ్రామ్‌లో ‘సిగ్నల్స్’ అనీ ‘హ్యాక్ యాప్’ అనీ అమ్ముతారే, ఏవియేటర్ లాంటి ఆన్‌లైన్ పందెం ఆటలకి మన కుర్రాళ్లు కూడా డబ్బు కట్టి కొంటున్నారు, అవన్నీ మోసమే. వాళ్లు ఇచ్చే లింకుతో మీరు ఖాతా తెరిస్తే, మీరు పోగొట్టుకున్నదాంట్లో వాటా వాళ్లకి వెళ్తుంది. అంటే మీరు ఓడిపోతేనే వాళ్లకి ఆదాయం.

ఇంతకంటే ఘోరం నకిలీ ఆటలు. అసలు కంపెనీ ఆటలైతే కంపెనీ సర్వర్ నుంచే నడుస్తాయి, కాసినో యజమాని లోపల వేలు పెట్టలేడు, కంపెనీ ఇచ్చిన సెట్టింగుల్లోంచి ఎంచుకోగలడు అంతే. కానీ ఇగ్రోసాఫ్ట్, నొవోమాటిక్ పాత ఆటలకు లెక్కలేనన్ని నకళ్లు తయారై ‘స్క్రిప్టు’లుగా అమ్ముడయ్యాయి. బొమ్మలూ శబ్దాలూ అచ్చు అవే. లోపల లెక్క మాత్రం సైట్ యజమాని కంట్రోల్ ప్యానెల్లో ఉంటుంది, ఎంత శాతం తిరిగివ్వాలో వాడే టైపు చేస్తాడు. అదే కొలొబోక్, అదే పొయ్యి, ఆర్‌టీపీ అనే మాటకే అర్థం లేదు. పైగా బోనస్ ఎర. వెయ్యి ఉచితం అంటారు, దాన్ని నలభై రెట్లు తిప్పాలని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. నలభై వేల పందేలు వేయాలన్నమాట, నిజాయితీ గల 96 శాతం ఆటలోనే వాటి మీద సగటు నష్టం 1,600. వచ్చిన వెయ్యి పోగా జేబులోంచి ఇంకో ఆరువందలు.

పిల్లల సంగతి దగ్గర నాకు రాజీ లేదు. జానపద కథ అనేది పిల్లలవైపు తెరిచిన తలుపు. రోట్లో కూర్చుని రోకలితో తోసుకుంటూ ఆకాశంలో పోయే బాబా యగాని, కోడికాళ్ల మీద తిరిగే ఆమె గుడిసెని చూసి ఆగనిది ఏ పిల్లాడు? 2017లో బ్రిటన్ నియంత్రణ సంస్థలు ఆన్‌లైన్ కాసినోలకు లేఖ రాశాయి: పిల్లల్ని ఆకర్షించే కార్టూన్ బొమ్మలున్న ఆటలను అందరికీ కనబడేలా పెట్టొద్దని. ఆ పని మిగతా దేశాలు కూడా చేసి ఉండాల్సింది.

ఇది మనకి దూరపు విషయం అనుకోలేను. ఒకప్పుడు మాస్కో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల నుంచి తెలుగులోనే అచ్చయి వచ్చిన పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో కారు చౌకగా దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు, రాళ్లబండి వెంకటేశ్వరరావు లాంటివాళ్లు ఆ దేశంలో ఉండి అనువదించారు. బాబా యగా, వసిలీసా, బూడిదరంగు తోడేలు, నిప్పుపక్షి మన ఊళ్లలో పిల్లలకి పరిచయమైంది ఆ నున్నటి కాగితాల మీదే, ఆ తరం ఇప్పుడు యాభై అరవైల్లో ఉంది, ఫోన్లో రమ్మీ ఆడే వయసులోనే ఉంది. ఆ బొమ్మ తెర మీద కనిపిస్తే ఆప్యాయంగా అనిపించడం సహజం, ఆ ఆప్యాయత ఆ పుస్తకాలది.

మన చట్టం ఎక్కడుందో కూడా తెలుసుకోవాలి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 మార్చిలో హైదరాబాద్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన నటుల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టారు, తెలంగాణ ప్రభుత్వం దర్యాప్తుకు సిట్ వేసింది. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అనే పాత వాదనకి అందులో చోటు లేదు. నడిపేవాళ్లకి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రచారం చేసేవాళ్లకి రెండేళ్లు, యాభై లక్షలు. ఆడి నష్టపోయినవాళ్లని ఈ కేంద్ర చట్టం నేరస్థులుగా చూడదు, రాష్ట్ర చట్టాలు మాత్రం ఆడటాన్ని కూడా నేరంగానే చూస్తాయి. కానీ రష్యాలో జరిగింది చూశాం కదా, మూసేసిన హాలు అద్దం సైట్‌గా తెరుచుకుంటుంది. వాట్సాప్‌లో వచ్చే, ఫోన్లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైళ్లు, యూపీఐలో ఎవరో తెలియని వ్యక్తి పేరు మీద డిపాజిట్ చేయమనే సైట్లు ఇప్పుడు మన దగ్గర ఆ పనే చేస్తున్నాయి. డిపాజిట్ ఇవాళ ఒకరి పేరున, రేపు ఇంకొకరి పేరున అడిగితే, ఆ ఖాతాలు అద్దెకి తీసుకున్నవి. వాటిలోకి డబ్బు పంపాక మీ బ్యాంకు ఖాతా కూడా పోలీసు కేసులో ఫ్రీజ్ అయ్యే అవకాశం ఉంది.

ఇంట్లో ఎవరైనా ఇందులో ఇరుక్కుంటే మొదట తిట్టడం ఆపండి, తిట్లకి భయపడే అప్పులు దాస్తారు. సైట్ మోసం చేసి డబ్బు లాగేసుకుంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆడకుండా ఉండలేకపోతుంటే, నిద్ర పట్టకపోతుంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీమానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. కొన్ని బ్యాంకుల యాప్‌లలో యూపీఐ రోజువారీ పరిమితిని మీరే తగ్గించుకోవచ్చు, దానికి బ్యాంకుకి వెళ్లక్కర్లేదు.